మాగ్నెట్ స్కూళ్లు: కాన్సస్ సిటీ కేసు

సైన్స్, కళలు, విదేశీ భాషలు వంటి ఏదో ఒక ప్రత్యేకాంశం చుట్టూ బోధన సాగుతూ, ఇల్లు ఏ పేటలో ఉన్నా పిల్లలు చేరగలిగే అమెరికా ప్రభుత్వ బడినే మాగ్నెట్ స్కూల్ అంటారు. బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు తర్వాత కూడా నల్లజాతి, తెల్లజాతి పిల్లలు చాలా నగరాల్లో వేర్వేరు బడుల్లోనే ఉండిపోయారు. కోర్టు ఆదేశంతో పిల్లలను బస్సుల్లో వేరే పేటల బడులకు పంపే బదులు తల్లిదండ్రులే ఇష్టపడి చేర్పించేలా చేయాలన్న ఆలోచనతో మాగ్నెట్ స్కూళ్లు వచ్చాయి.

మిస్సోరీలోని కాన్సస్ సిటీ ఇందులో అందరికంటే ముందుకు వెళ్లింది. నగర పాఠశాల జిల్లాలోని హైస్కూళ్లు, మిడిల్ స్కూళ్లు అన్నింటినీ, ప్రాథమిక బడుల్లో సగాన్ని మాగ్నెట్లుగా మార్చే ప్రణాళికను 1986లో ఫెడరల్ న్యాయమూర్తి రస్సెల్ క్లార్క్ ఆమోదించారు. నక్షత్రశాల, 104 మంది కూర్చునే ఏసీ గదితో 25 ఎకరాల వ్యవసాయ క్షేత్రం కూడా అందులో ఉన్నాయి. ఇంత ఖర్చుపెట్టినా శివారుల తెల్లజాతి పిల్లలు ఆశించినంతగా రాలేదు. వసతులు ఎన్ని కల్పించినా ఇళ్లు జాతులవారీగా విడిపోయిన నగరంలో బడి ఒక్కటే ఆ దూరాన్ని చెరపలేకపోయింది.

1995లో ఈ ప్రణాళికకు సంబంధించిన మిస్సోరీ వర్సెస్ జెంకిన్స్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో రాష్ట్రం వైపు నిలిచింది. తీర్పులోని తర్కం ఇది: జిల్లా లోపలి జాతి విభజన అనే తప్పును సరిదిద్దే పేరుతో జిల్లా బయటి పిల్లలను రప్పించే పథకం కింది కోర్టు అధికార పరిధిని దాటింది.