కాలవ పక్క కార్ల బజారు

సాఫ్ట్‌వేరు వాళ్ళకి ‘లెగసీ సిస్టం’ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఎవరో ఎప్పుడో రాశారు. రాసినవాళ్ళు ఇప్పుడు లేరు, డాక్యుమెంటేషను అంతకన్నా లేదు. కానీ దానిమీదే రోజూ వ్యాపారం నడుస్తోంది కాబట్టి ఆపి బాగుచేద్దామంటే వీల్లేదు. ఊళ్ళలో కూడా ఇలాంటివి ఉంటాయి. కౌలాలంపూర్లో నేనుండే వైపు అలాంటిదొకటుంది: జలాన్ క్లాంగ్ లామా, అంటే పాత క్లాంగ్ రోడ్డు. ఫెడరల్ హైవే రాకముందు కౌలాలంపూర్ నుంచి క్లాంగ్ ఊరికి వెళ్ళాలంటే ఇదే దారి. టైర్ల కొట్లు, ఫర్నిచరు దుకాణాలు, బాంకులు, రోటీ చనాయ్ అమ్మే మామక్ హోటళ్ళు, అరిటాకులో అన్నం పెట్టే మన దక్షిణాది భోజనశాలలు... అన్నీ రెండు మూడంతస్తుల వరస కొట్లలో ఉంటాయి. ముందు కార్లు, వెనక కార్లు, పక్కన కార్లు. చాలా దూరం ఈ రోడ్డుకి సమాంతరంగా క్లాంగ్ నది పారుతుంది. ఆ సంగతి ఈ కొట్లలో కూర్చున్నవాడికి తెలియదు, ఎందుకంటే ప్రతి కొట్టూ నదికి వీపు తిప్పుకునే నిలబడింది.

నది అన్నానుగానీ, ఇక్కడ మీకు కనిపించేది కాలవే. 1926లో ఒకసారి, 1971 జనవరిలో ఇంకోసారి కౌలాలంపూర్ నిలువునా మునిగింది. ఆ తరవాత ఇంజనీర్లు చేసిన పని, ఆ రోజుల్లో ప్రపంచంలో అందరూ చేసిన పనే: వంపులు తీసెయ్యడం, వెడల్పు చెయ్యడం, ఒడ్డులకి కాంక్రీటు వెయ్యడం. నీరు ఎంత త్వరగా ఊరు దాటితే అంత మంచిదన్న లెక్క. దాటి ఎక్కడికి వెళ్తుందన్నది కింద ఊరివాడి బాధ! 2021 డిసెంబరులో ఆ కింద ఊళ్ళలో షా ఆలంలోని తామాన్ శ్రీ ముడా ఎలా మునిగిందో మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. ఆ నెల వరదల్లో దేశం మొత్తం మీద పోయిన ప్రాణాలు యాభైకి పైనే. మన విజయవాడ వాళ్ళకి ఇది కొత్త కథేమీ కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఏం చేసిందో సింగ్‌నగర్లో ఎవరినడిగినా చెబుతారు.

ఇప్పుడు పాత క్లాంగ్ రోడ్డు మారిపోతోంది. పాత వరస కొట్లు, గోడౌన్లు పోయి, కింద దుకాణాలు, వాటిమీద ఐదారంతస్తుల కార్ పార్కు, ఆ పైన నలభై అంతస్తుల కాండోలు వస్తున్నాయి. బ్రోషర్లలో అంతా ‘నదీముఖం’ అని రాస్తారు. నాకు ఇక్కడే అనుమానం. కొత్తగా కట్టేది పాత సిస్టంలోని రెండు ముఖ్యమైన లోపాలనీ అలాగే కాపీ చేసుకుంటుంటే, మనం మార్చింది తెర మాత్రమే. ఆ రెండు లోపాలేమిటో కొంచెం లెక్కలతో చూద్దాం. భయపడకండి, గుణకారం, భాగహారం దాటి పోను.

మొదటిది పార్కింగు. మలేషియాలో ఒక మామూలు కొట్టు 22 అడుగుల వెడల్పు, 75 అడుగుల లోతు, అంటే అంతస్తుకి 1,650 చదరపు అడుగులు. మూడంతస్తులకీ కలిపి 4,950. ఒక నిబంధన 500 చదరపు అడుగులకి ఒక కారు చొప్పున చోటు చూపించమంటోందని అనుకుందాం (ఊరుని బట్టి, వ్యాపారాన్ని బట్టి ఈ అంకె మారుతుంది). పది కార్లు. కారు నిలబడే చోటు పన్నెండున్నర చదరపు మీటర్లే అయినా, లోపలికి వచ్చి, తిరిగి, బయటికి పోవడానికి దారి కూడా కలిపితే సుమారు 27 చదరపు మీటర్లు, అంటే 290 చదరపు అడుగులు అవుతుంది. పది కార్లకి 2,900. కొట్టు నేలమీద ఆక్రమించేది 1,650, దాని కార్లు ఆక్రమించేది 2,900! ఇంతకీ ఇది కొట్టా, కొట్టు తగిలించిన కార్ల షెడ్డా?

ఈ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయన్నది అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు జన్మంతా వేసిన ప్రశ్న. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు, 2025లో పోయాడు. ఉచిత పార్కింగుకి మనమిచ్చే ఖరీదు మీద ఆయన 2005లో ఏడు వందల పేజీల పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఒక ఊరివాళ్ళు పక్క ఊరి నిబంధన చూసి రాసుకుంటారు, ఆ పక్క ఊరివాళ్ళు ఇంకో ఊరిని చూసి రాసుకుని ఉంటారు. మొదటి అంకె మాత్రం, ఎక్కడో కార్లు తప్ప దిక్కులేని శివార్లలో, పార్కింగు ఉచితంగా దొరికేచోట, బాగా రద్దీగా ఉన్న వేళ లెక్కపెట్టినది. కాపీ, పేస్టు! హార్డ్‌కోడ్ చేసిన ఒక కాన్‌స్టెంటు, కామెంటు లేకుండా, వంద ఫైళ్ళలోకి పాకిపోయిందన్నమాట. అమెరికాలో బఫలో నగరం 2017లో ఈ కనీస పార్కింగు నిబంధనలనే ఎత్తేసింది. 2022లో కాలిఫోర్నియా రాష్ట్రం, మంచి రవాణా సదుపాయం ఉన్న స్టేషన్లకి దగ్గర్లో వీటిని విధించకూడదని చట్టం చేసింది. షూప్ చెప్పిన ఇంకో సూత్రం కూడా మనవాళ్ళకి నచ్చుతుంది: రోడ్డు పక్క పార్కింగు రేటుని, ఎప్పుడూ ఒకటి రెండు చోట్లు ఖాళీగా ఉండేటట్టు, అంటే సుమారు ఎనభై ఐదు శాతం నిండేటట్టు, గిరాకీ చూసి మార్చుకుంటూ పొమ్మన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2011లో సెన్సర్లు పెట్టి మొదలుపెట్టిన ప్రయోగానికి మూలం ఇదే.

“మాకు అమెరికా సంగతులెందుకు, ఇక్కడ కారు లేకపోతే పాలపాకెట్టు కూడా తెచ్చుకోలేం” అంటాడు నా పక్క క్యూబికల్ మిత్రుడు. నిజమే. 2023 చివరికి మలేషియాలో నమోదైన వాహనాలు మూడు కోట్ల అరవై లక్షలు దాటాయి, దేశ జనాభా కన్నా ఎక్కువ. కానీ పాత క్లాంగ్ రోడ్డుకి దగ్గర్లోనే కొమ్యూటర్ రైలు దారి ఉంది. పంతాయ్ దాలమ్, పెటాలింగ్ స్టేషన్లున్నాయి. స్టేషను లేకపోవడం కాదు చిక్కు, స్టేషనుకి నడిచే దారి లేకపోవడం. గూగుల్ మాప్‌లో ఎనిమిది వందల మీటర్లు చూపించేచోట ఎక్స్‌ప్రెస్‌వే కింద దూరి, పట్టాలు దాటి, నది దాటడానికి వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి. వాన పడితే చెప్పనే అక్కర్లేదు.

ఇందులో చమత్కారం ఏమిటంటే, ఎండా వానా తగలకుండా నడిచే ఏర్పాటు ఈ ఊరికి పుట్టుకతోనే ఉంది. 1881లో ఒకే ఏడు అగ్నిప్రమాదం, వరద రెండూ వచ్చి ఊరు నాశనమైతే, ఆ తరవాత ఫ్రాంక్ స్వెట్టెన్‌హామ్ అనే తెల్లదొర తాటాకు ఇళ్ళు తీసేసి ఇటుక, పెంకులతో కట్టించాడు. ఆ వరస కొట్లకి ముందు, పై అంతస్తు నీడలో ఐదడుగుల వసారా ఉంటుంది. ‘కాకి లిమా’ అంటారు, ఐదడుగులు అనే అర్థం. ఒక కొట్టు వసారా పక్క కొట్టు వసారాతో కలిస్తే కిలోమీటరు దూరం గొడుగు లేకుండా నడిచిపోవచ్చు. ఇప్పుడా వసారాల్లో మోటార్‌సైకిళ్ళు, గ్యాసు సిలిండర్లు, వినాయకుడి విగ్రహాలు, అమ్మకానికి పెట్టిన పరుపులు... కొట్టుకొట్టుకీ ఎత్తు మారే మెట్లు సరేసరి. కొత్తగా కట్టే పోడియం మాల్‌లో ఈ వసారా కూడా లేదు. రోడ్డువైపు ఉండేది కార్‌పార్కు ర్యాంపు!

రెండోది వాన. ఇది నాకు ఎక్కువ ముఖ్యం. కౌలాలంపూర్లో ఏడాదికి పడేది సుమారు రెండున్నర మీటర్ల వాన, అంటే హైదరాబాదుకి మూడు రెట్లు. అదీ నిదానంగా కాదు, మధ్యాహ్నం మూడు దాటాక కుండపోతగా. గంటకి వంద మిల్లీమీటర్ల వాన ఇక్కడ వింతేమీ కాదు. డ్రెయినేజి ఇంజనీర్లు వాడే అతి పాత సూత్రం ఒకటుంది: ప్రవాహం అంటే గుణకం, వాన తీవ్రత, వైశాల్యం, ఈ మూడింటి లబ్ధం. గుణకం అంటే పడ్డ వానలో ఎన్నో వంతు ఇంకకుండా పారిపోతుందన్నది. తారుకీ కాంక్రీటుకీ అది సుమారు 0.9. చెట్లూ గడ్డీ ఉన్న నేలకి 0.3 అనుకుందాం (నేల ముందే తడిసి ఉంటే ఇది పెరుగుతుంది).

నాలుగు హెక్టార్ల కొట్ల వరస తీసుకోండి. 40,000 చదరపు మీటర్లు. గంటలో 0.1 మీటరు వాన. పడ్డ నీరు 4,000 ఘనపు మీటర్లు. అంతా తారూ కాంక్రీటూ అయితే 3,600 పారిపోతాయి. గంటకి 3,600 సెకన్లు కనక సెకనుకి సరిగ్గా ఒక ఘనపు మీటరు, అంటే సెకనుకో టన్ను నీళ్ళు కాలవలో పడుతున్నాయి. అదే పచ్చిక అయితే 1,200. తేడా 2,400 ఘనపు మీటర్లు, దాదాపు ఒక ఒలింపిక్ ఈతకొలను. దీన్ని గంటసేపు ఆపి ఆ తరవాత నెమ్మదిగా వదలగలిగితే, నది దృష్టిలో ఆ నాలుగు హెక్టార్లూ పచ్చికే. మనం బఫర్ అంటామే, అదే ఇది.

ఎంత చోటు కావాలి? రెండు మీటర్ల లోతు తొట్టె అయితే 1,200 చదరపు మీటర్లు. 27తో భాగించండి: నలభై నాలుగు, నలభై అయిదు కార్ల చోటు. ఆ నాలుగు హెక్టార్లలో సగం పార్కింగే అనుకుంటే అక్కడ 740 కార్లు పడతాయి. అందులో ఆరు శాతం కింద ఒక తొట్టె! షూప్ మాట విని పార్కింగు కొంచెం తగ్గించినా తొట్టె తవ్వే అవసరం కూడా ఉండదు, పైన చెరువే పెట్టుకోవచ్చు. కార్ల లెక్క, నీళ్ళ లెక్క రెండు వేర్వేరు శాఖల ఫైళ్ళలో ఉండటం వల్ల ఈ భాగహారం ఎవరూ చెయ్యరని నా అభిప్రాయం.

మలేషియా వాళ్ళకి ఈ విద్య తెలియదని కాదు. నీటిపారుదల, డ్రెయినేజి శాఖ వారి మాన్యువల్ పాతికేళ్ళుగా ఇదే చెబుతోంది. కొత్త నిర్మాణం వల్ల నీటి ఉధృతి ‘ముందు’ ఉన్నదానికన్నా పెరగకూడదు. సాఫ్ట్‌వేరు స్పెసిఫికేషన్లు చదివి చదివి అరిగిపోయిన కళ్ళకి వెంటనే తట్టే ప్రశ్న: ముందు అంటే ఎప్పటి ముందు? అడవి నరికి ఊరు కట్టేచోట అర్థం స్పష్టమే. పాత కొట్లు కూల్చి కాండోలు కట్టేచోట ‘ముందు’ని ఇప్పుడున్న తారుగా లెక్కవేస్తే, బిల్డరు ఏమీ చెయ్యకుండానే టెస్టు పాసైపోతాడు.

ఇదే ఊళ్ళో 2007లో తెరిచిన స్మార్ట్ సొరంగం గురించి మీరు వినే ఉంటారు. 9.7 కిలోమీటర్ల వరద సొరంగం, అందులో మూడు కిలోమీటర్ల మేర రెండంతస్తుల కార్ల రోడ్డు. మామూలు రోజుల్లో కార్లు పోతాయి. ఓ మాదిరి వానకి రోడ్డు అడుగున ఉన్న భాగంలో నీళ్ళు, పైన కార్లు. మహా వాన వస్తే కార్లన్నిటినీ బయటికి పంపి, గేట్లు మూసి, సొరంగం మొత్తం వరదకి వదిలేస్తారు. ఒకే హార్డ్‌వేరుని ఇద్దరు యూజర్లు వంతులవారీగా వాడుకోవడం! చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది. కానీ అది నగర కేంద్రాన్ని కాపాడటానికి కట్టినది. శివార్లలో ఇలాంటిది ఎవరూ కట్టరు, కట్టక్కర్లేదు కూడా. కొట్టుకింత, పార్కింగుకింత చొప్పున చిన్న చిన్న బఫర్లు చాలు.

ఇక ‘నదీముఖం’ సంగతి. 2011లో మొదలైన ‘రివర్ ఆఫ్ లైఫ్’ పథకంలో 110 కిలోమీటర్ల మేర నదుల్ని శుభ్రం చెయ్యడం, పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు ఒడ్డుని అందంగా తీర్చడం అని పెట్టుకున్నారు. క్లాంగ్, గోంబాక్ నదులు కలిసేచోట, 1909 నాటి జామెక్ మసీదు దగ్గర 2017లో నీలం దీపాలు, పొగమంచు ఫౌంటెన్లు పెట్టారు. ఫొటోలు బాగా వస్తాయి. నాకు మాత్రం ఆ పథకంలో ఎవరూ ఫొటో తియ్యని పనులే గొప్పగా అనిపిస్తాయి: కూరగాయల, చేపల మార్కెట్ల దగ్గర మురుగునీరు శుద్ధిచేసే ప్లాంట్లు, చెత్త ఆపే జల్లెడలు, హోటళ్ళ దగ్గర నూనె, జిడ్డు పట్టే తొట్లు. పాత క్లాంగ్ రోడ్డు లాంటి చోట నదిని చంపేది ఫాక్టరీలు కాదు, వెనక సందులో లోంగ్‌కాంగ్‌లోకి (కొట్ల వెనక కాలవని ఇక్కడ అలా అంటారు) వంపేసే వాడిన నూనె. జిడ్డు తొట్టె లేకుండా నది వైపు బాల్కనీ పెడితే కాఫీ ఎవడు తాగుతాడు?

సియోల్‌లో చెయోంగ్యేచెయోన్ మీద ఉన్న ఎత్తు రోడ్డుని పడగొట్టి 2005కల్లా 5.8 కిలోమీటర్ల వాగుని బయటికి తీశారు. ఇలాంటి చర్చల్లో అందరూ చూపించే ఉదాహరణ ఇదే. రోజుకి లక్షన్నర పైగా వాహనాలు పోయే రోడ్డు పోయినా ఊరు ఆగిపోలేదు, అంతవరకూ మంచి పాఠం. ఆ వాగులో నీళ్ళు చాలావరకు పంపులు పెట్టి తోడిపోసేవే. అక్కడి చిన్న వర్తకుల్లో చాలామందికి ఊరి చివర గార్డెన్ ఫైవ్ అనే పెద్ద కట్టడంలో చోటిస్తే, వాళ్ళలో ఎక్కువమంది అక్కడ నిలదొక్కుకోలేకపోయారు.

ఈ చివరి విషయం పాత క్లాంగ్ రోడ్డుకి సూటిగా తగులుతుంది. 2025 ఆగస్టులో మలేషియా పార్లమెంటులో పట్టణ పునరుద్ధరణ బిల్లు ప్రవేశపెట్టినప్పుడు గొడవంతా శాతాల మీదే జరిగింది: ముప్ఫై ఏళ్ళ లోపు భవనమైతే ఎనభై శాతం యజమానులు, పైబడితే డెబ్భై అయిదు శాతం, వదిలేసిన లేక ప్రమాదకరమైన వాటికి యాభై ఒక్క శాతం ఒప్పుకుంటే చాలని ప్రతిపాదన. మిగతావాళ్ళ గతి ఏమిటని ప్రతిపక్షం అడిగింది, అడగాల్సిందే. కానీ ఈ శాతాలన్నీ యజమానులవి. టైర్ల కొట్టు నడిపేవాడు, అరిటాకు భోజనం వడ్డించే ఆవిడ అద్దెకున్నవాళ్ళు, వాళ్ళకి ఓటే లేదు. కాండో కింద కొత్త కొట్టు అద్దె వాళ్ళు కట్టలేరు. అందుకే ఒకేసారి మొత్తం కూల్చి తిరగరాయడం కన్నా, మనం పాత సిస్టంని ఒక్కో మాడ్యూలూ మారుస్తూ పోతామే, అలా పోవడం మేలనుకుంటాను: ముందు వెనక సందులో కాలవ, జిడ్డు తొట్టెలు, తరవాత ఒక పార్కింగు ముక్క తీసి చెరువు, నది మీద స్టేషనుకి ఒక కాలినడక వంతెన, ఆ తరవాత, వసారా ఉంచి, ఒక్కో బ్లాకు మీద ఇంకో నాలుగంతస్తులు. దీనివల్ల ఏ బిల్డరుకీ నలభై అంతస్తుల లాభం రాదు. కాబట్టి దీన్ని నగరపాలక సంస్థే చెయ్యాలి. పెటాలింగ్ స్టేషను వైపు వంతెనతో మొదలుపెడితే ఖర్చు తక్కువ, గొడవ తక్కువ.