ముందు నడక, తర్వాతే పేరు

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చిన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. వాళ్ళలో ఒకరిద్దరు మిగతావాళ్ళు వెళ్ళేదాకా ఆగి, "ఆంటీ, మీరు డ్రూయిడ్ల దగ్గరకు వెళ్తారట కదా, నాకూ ఆ దారి మీదికి మనసు పోతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతారు. అడవిలో నడుస్తున్నప్పుడు కలిగిన భక్తి ఏ గుడిలోనూ కలగలేదంటుంది ఒకమ్మాయి. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి ఆ దారిలో ఉందంటాడు ఇంకో అబ్బాయి.

నేను పుట్టి పెరిగింది గోదావరి జిల్లాలో. జుట్టు నెరిసింది మాత్రం ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో, ప్రకృతినీ పాత దేవతలనూ కొలిచే ఈ పేగన్ల మధ్యే. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో కలిపి సుమారు 74,000 మంది తమ మతం పేగన్ అని రాశారు. మరో 13,000 మంది విక్కా అని రాశారు. ఏటా కొత్తవాళ్ళు వస్తూనే ఉంటారు. వాళ్ళకు నేను చెప్పేదంతా ఒక్క మాటలోకి వస్తుంది: ఈ దారిలో నడవడం మొదటి పని, పేరు పెట్టుకోవడం ఆఖరి పని. ఆ మాటనే కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను.

1. ఇది ఒక మతం కాదు, చాలా దారులకు ఉమ్మడి పేరు

పేగన్ దారికి ఒకే గ్రంథం లేదు, ఒకే పీఠాధిపతి లేడు. విక్కాలో దేవుడు, దేవత ఇద్దరూ ఉంటారు. పున్నమి పూజలు ఉంటాయి, కోవెన్ అనే చిన్న బృందంలో దీక్ష ఉంటుంది. డ్రూయిడ్లు చెట్టును, కవిత్వాన్ని, ఉన్న ఊరి నేలను పట్టుకుంటారు. రాస్ నికల్స్ 1964లో స్థాపించిన డ్రూయిడ్ సంఘం ఈనాటికీ బార్డ్, ఓవేట్, డ్రూయిడ్ అనే మూడు మెట్లలో పాఠాలు చెబుతోంది. ఐస్‌లాండ్‌లో స్వేన్‌బ్యోర్న్ బేంటేన్సన్ అనే రైతుకవి, మరికొందరు కలిసి 1972లో ఆసాత్రూ సంఘం పెట్టారు. మరుసటి ఏడే ప్రభుత్వం దానిని మతంగా గుర్తించింది. అక్కడ ఓడిన్, థోర్ అనే పాత నార్స్ దేవతల పేరిట విందులు జరుగుతాయి. లిథువేనియాలో రొమువా వాళ్ళు అగ్ని చుట్టూ చేరి తమ జానపద గీతాలు పాడతారు. గ్రీసులో పాత ఒలింపియన్ దేవతలను కొలిచేవాళ్ళున్నారు.

వీటిలో ఒకదానిలో ఇమడకపోతే మొత్తం దారే మీది కాదనుకోవద్దు. రాత్రి ఒంటరిగా కూర్చున్నప్పుడు మీ మనసు ఎటు లాగుతోందో చూసుకోండి. చంద్రుడి వైపా, చెట్టు వైపా, పాత కథల వైపా, పూర్వీకుల వైపా? ఎటు లాగితే అటు వెతకండి.

2. దీని వయసు గురించి నిజం తెలుసుకోండి

"మాది వేల ఏళ్ళుగా తెగకుండా వస్తున్న రహస్య సంప్రదాయం" అని ఎవరైనా చెబితే నమ్మడానికి తొందరపడకండి. యూరప్‌లో క్రైస్తవం వచ్చాక కూడా ఒక రహస్య మతం బతికే ఉందని మార్గరెట్ ముర్రే 1921లో రాసింది. చరిత్రకారులు ఆ వాదాన్ని తర్వాత తోసిపుచ్చారు. బ్రిటన్‌లో మంత్రగత్తెల మీద ఉన్న 1735 నాటి చట్టం 1951లో రద్దయింది. మూడేళ్ళకు, 1954లో, జెరాల్డ్ గార్డ్‌నర్ తన పుస్తకంతో విక్కాను లోకానికి చూపించాడు. ఇది ఆధునిక కాలంలో పుట్టిన మతమేనని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రోనాల్డ్ హట్టన్ 1999లో ఆధారాలతో రాశాడు. డ్రూయిడ్లు కట్టారని చెప్పుకునే స్టోన్‌హెంజ్‌లో పెద్ద రాళ్ళు నిలబెట్టి దాదాపు 4,500 ఏళ్ళయింది. డ్రూయిడ్ల గురించి చరిత్రలో మొదటి మాట వినిపించేది అంతకు రెండు వేల ఏళ్ళ తర్వాతే.

ఇది విని కొందరు పిల్లలు డీలా పడిపోతారు. పడనక్కర్లేదు. గార్డ్‌నర్ దగ్గర దీక్ష తీసుకున్న డోరీన్ వాలియంట్ ఆ పూజల్లోని అరువు పాఠాలను గుర్తుపట్టి, వాటి చోట సొంతంగా కవిత్వం రాసింది. ఈనాటికీ ప్రపంచమంతా కోవెన్లలో ఆ మాటలే పలుకుతున్నారు. కొత్తదైనంత మాత్రాన భక్తి అబద్ధం కాదు. లేని వయసు అంటగడితేనే అబద్ధమవుతుంది.

3. మొదటి ఏడాదంతా చూడండి

పేగన్లలో చాలామందికి ఏడాదికి ఎనిమిది పండగలు. రెండు అయనాలు, రెండు విషువులు, వాటి నడుమ మరో నాలుగు: ఫిబ్రవరి మొదట్లో ఇంబోల్క్, మే 1న బెల్టేన్, ఆగస్టు 1న లూనసా, అక్టోబర్ 31 రాత్రి సావిన్. ఈ ఎనిమిదింటినీ కలిపి ఒక చక్రంగా కట్టింది 20వ శతాబ్దంలోనే. శరద్ విషువుకు మాబొన్ అన్న పేరు 1970లలో ఏడన్ కెల్లీ అనే అమెరికన్ పెట్టాడు.

అందుకే ఆ తేదీలను పుస్తకంలో కాదు, మీరున్న నేల మీద చూడండి. మా వైపు ఇంబోల్క్ నాటికి మంచు కరిగిన గట్ల మీద స్నోడ్రాప్ పూలు తలలు వంచుకుని నిలబడతాయి. మే నెలలో హాథార్న్ కంచెలు తెల్లగా విరగబూస్తాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. ఆ చీకట్లో కొన్నాళ్ళు గడిపాక గానీ శీతాకాలపు అయనం నాటి దీపం విలువ తెలియదు. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్ళు ఈ చక్రాన్ని తిరగేసి, మే మొదట్లో సావిన్ చేస్తారు. మే 1న హైదరాబాద్‌లో ఉంటే అక్కడుండేది వడగాడ్పులు, వసంతం కాదు. ఆ నేలకు తగినట్టు మీ పండగను మీరే చూసుకోవాలి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. చంద్రుడు ఎప్పుడు ఎక్కడ ఉదయించాడు, ఏ చెట్టు ముందు చిగిర్చింది, ఏ పిట్ట వచ్చింది, ఆ రోజు మీ మనసు ఎలా ఉంది, అన్నీ రాయండి. ఏడాది తిరిగేసరికి ఏ గురువూ చెప్పలేనంత మీకే తెలుస్తుంది.

4. సాధన పుస్తకం ఒకటి, చరిత్ర పుస్తకం ఒకటి, జతగా చదవండి

బృందం దొరకనివాళ్ళకు స్కాట్ కనింగ్‌హామ్ 1988లో రాసిన ఏకాంత సాధకుల పుస్తకం ఇప్పటికీ మంచి మొదలు. 1979లో వచ్చిన స్టార్‌హాక్, మార్గో ఆడ్లర్ పుస్తకాలు అమెరికా పేగన్ల మనసును చూపిస్తాయి. వీటికి జతగా హట్టన్‌ను చదవండి. సాధన పుస్తకం ఒక్కటే చదివితే కట్టుకథనూ చరిత్రనూ వేరుచేయలేరు. చరిత్ర ఒక్కటే చదివితే దీపం వెలిగించాలన్న కోరికే పోతుంది.

మూలాలు ఎంత తక్కువో కూడా తెలిసి ఉండాలి. డ్రూయిడ్లు తమ గురించి తాము ఒక్క అక్షరం రాసిపెట్టలేదు. మనకు దొరికేది రోమన్ సేనాని సీజర్ లాంటి పరాయివాళ్ళ మాటలే. నార్స్ దేవతల కథలు 13వ శతాబ్దపు ఐస్‌లాండ్‌లో పుస్తకాలకెక్కాయి. అప్పటికి ఆ దేశం క్రైస్తవంలోకి వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది.

5. సామాను కొనకండి

కత్తి, పాత్ర, దండం, నల్ల అంగీ, జోస్యపు పేకముక్కలు, స్ఫటికాలు అన్నీ అంగళ్ళలో అమ్ముతారు. మొదటి ఏడాది వాటి జోలికి వెళ్ళకండి. కిటికీ పక్కన చిన్న బల్ల, గ్లాసుడు నీళ్ళు, ఒక కొవ్వొత్తి, మీరు నడిచే దారిలో దొరికిన రాయి, ఆ వారం రాలిన ఆకు ఉంటే చాలు. రోజూ ఒకే వేళకు అక్కడ ఐదు నిమిషాలు కూర్చోండి. ధూపానికని వైట్ సేజ్ కొనకండి. అది దక్షిణ కాలిఫోర్నియా మూలవాసులకు పవిత్రమైన మొక్క. అమ్మకాల కోసం అడవుల్లో దొంగచాటుగా కోసేస్తున్నారు. మీ పెట్టెలో అమ్మ పెట్టిన సాంబ్రాణి ఉంటే అదే వేయండి.

6. బృందంలో చేరడం పెళ్ళిచూపుల వంటిది

అటువాళ్ళు మిమ్మల్ని చూస్తారు, మీరూ వాళ్ళను చూడాలి. ముందు మూట్‌కు వెళ్ళండి. నెలకోసారి ఏదో ఒక పబ్బులో పేగన్లు కూడి మాట్లాడుకోవడాన్ని ఇక్కడ మూట్ అంటారు. కొత్తవాళ్ళు ఎవరైనా రావచ్చు, మద్యం తాగాలని లేదు. నలుగురి మాటా విని, ఎవరు ఇతరుల గురించి గౌరవంగా మాట్లాడుతున్నారో గమనించండి.

విక్కా దీక్షకు ముందు ఏడాది మీద ఒక రోజు ఆగడం ఆనవాయితీ. మొదటి వారంలోనే దీక్ష ఇస్తామన్నవాళ్ళకు దూరంగా ఉండండి. గార్డ్‌నర్ పరంపరలో దీక్షకు డబ్బు పుచ్చుకోరు. కొన్ని కోవెన్లలో బట్టలు లేకుండా పూజ చేసే పద్ధతి ఉంది. మంచి బృందం ఆ సంగతి ముందే చెబుతుంది, వద్దంటే మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుంది. దీక్ష పేరుతో శరీరాన్ని అడిగేవాళ్ళు, ఇంట్లోవాళ్ళకూ స్నేహితులకూ మిమ్మల్ని దూరం చేసేవాళ్ళు, వేరే పుస్తకాలు చదవొద్దనేవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే, లేచి వచ్చేయండి. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. బృందమే దొరకకపోతే బెంగ వద్దు. జీవితమంతా ఒంటరిగా సాధన చేసేవాళ్ళు ఈ దారిలో ఎందరో ఉన్నారు.

7. మొదటి పూజకు చేతులూపుకుంటూ వెళ్ళకండి

మా బృందంలో పూజ ఇలా జరుగుతుంది. ఓక్ చెట్ల మధ్య అందరం వలయంగా నిలబడతాం. ఒకరు నాలుగు దిక్కులకూ తిరిగి శాంతి ఉందా అని అడుగుతారు, ఉందని అందరం బదులిస్తాం. ఆ కాలానికి తగిన మాటలయ్యాక రొట్టె, తేనెతో చేసిన మీడ్ చేతులు మారుతూ వస్తాయి. నాలాగా తాగనివాళ్ళు కొమ్ముపాత్రను రెండు చేతులతో పట్టుకుని నాలుగు చుక్కలు నేలకు వదిలి పక్కవాళ్ళకు అందిస్తారు. చివర ఎవరికి వచ్చింది వాళ్ళు పాడతారు, కథ చెబుతారు. సావిన్ నాడు పోయినవాళ్ళ పేర్లు పలుకుతాం. నేను మా అమ్మ పేరు తెలుగు మాటలతోనే పలుకుతాను.

తినడానికి ఏదైనా వండి పట్టుకెళ్ళండి. వాటర్‌ప్రూఫ్ బూట్లు వేసుకోండి. ఫోన్ జేబులోనే ఉంచండి. అర్థం కానిది పూజ అయ్యాక అడగండి. వెళ్ళేముందు పళ్ళాలు సర్దడానికి చేయి కలపండి. కొత్తవాళ్ళ మనసు పెద్దలకు అక్కడే తెలుస్తుంది.

8. "ఇది మనదే కదా" అనకండి, మనదాన్ని దాచకండి

వేపచెట్టుకు పసుపు కుంకుమ పెట్టిన ఇంట పుట్టినవాళ్ళకు ఇక్కడి హాథార్న్ చెట్టు ముందు చేతులు జోడించడం తేలికే. బతుకమ్మ ఆడిన అమ్మాయికి వలయంలో నిలబడటం కొత్త కాదు. అంతమాత్రాన ఐరిష్ దేవత బ్రిజిడ్‌ను ఎల్లమ్మ అని, థోర్‌ను ఇంద్రుడని కలిపేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. ఎవరి కథ వాళ్ళది, ఎవరి నేల వాళ్ళది. పోలిక మిమ్మల్ని గుమ్మం దాకా తెస్తుంది. లోపలికి వెళ్ళాక వాళ్ళ కథను వాళ్ళ మాటల్లోనే నేర్చుకోండి.

ఇంకో సంగతి సూటిగా చెప్పాలి. నార్స్ దేవతలను తెల్లజాతి సొత్తుగా చూసే బృందాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో అలాంటి ఒక సంస్థకు తాము దూరమని 2016లో నార్స్ దేవతలను కొలిచే ఎన్నో హీథెన్ సంఘాలు ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మీ చర్మం రంగు చూసి దేవతలు మీకు పలకరని ఎవరైనా అంటే, వాళ్ళతో వాదించి అలసిపోకండి. మిమ్మల్ని మనస్ఫూర్తిగా పిలిచే బృందాలు చాలా ఉన్నాయి, అటు వెళ్ళండి.

9. పుణ్యస్థలంలో మీ గుర్తు వదలకండి

ఇంగ్లండ్‌లో వెస్ట్ కెనెట్ దగ్గర 5,500 ఏళ్ళు దాటిన రాతి సమాధి ఉంది. భక్తితోనే కొందరు లోపల చిన్న కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ వేడికీ మసికీ రాళ్ళు దెబ్బతింటాయి. స్కాట్లండ్‌లో, కార్న్‌వాల్‌లో పవిత్రమైన ఊటల పక్కన చెట్లకు గుడ్డపీలికలు కట్టే ఆచారం ఉంది. అందులో పాలియెస్టర్ ముక్కలు కుళ్ళవు, కొమ్మకు బిగిసి ఎదుగుదలను ఆపేస్తాయి. నైవేద్యం పెట్టాలనిపిస్తే కాసిన్ని నీళ్ళు పోయండి, ఒక పాట పాడండి, లేదా అక్కడి చెత్త ఒక సంచీడు ఏరి తీసుకెళ్ళండి. మా పెద్దల్లో కొందరికి సంచీ లేకుండా పూజకు వచ్చే అలవాటే లేదు.

10. ఇంట్లోవాళ్ళకు భయం పోయేలా చెప్పండి

విక్కా వాళ్ళు తమను విచ్ అని గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాటను అలాగే ఊళ్ళో ఉన్న నాయనమ్మకు ఫోన్లో చెప్పకండి. బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషులను కొట్టి చంపిన ఘటనలున్నాయి. ఆమె భయానికి కారణం ఉంది. మీరు చేసేదేమిటో చెప్పండి: రుతువులు మారినప్పుడు చెట్టు కింద పూజ, చంద్రుడికి దీపం, పోయినవాళ్ళను తలుచుకోవడం. సైతాను క్రైస్తవుల కథలోని పాత్ర, పేగన్లు వాడిని కొలవరు. ఎవరికీ కీడు తలపెట్టకూడదన్నది విక్కాలో మొదటి నియమం. ఇంట్లో వినాయక చవితికి మిమ్మల్ని పీటల మీద కూర్చోమంటే కూర్చోండి. ఈ దారి మిమ్మల్ని మీ ఇంటి దేవుణ్ణి వదిలేయమనదు.

ఇవన్నీ ఒకేసారి చేయనక్కర్లేదు. రేపు పొద్దున్నే లేచి మీ ఇంటికి తూర్పు ఎటో చూసుకోండి. దగ్గరలో ఒక చెట్టును ఎంచుకుని దాని పేరు తెలుసుకోండి. ఏడాది పాటు దాని దగ్గరకు వెళ్తూ ఉండండి. ఆ తర్వాత కూడా మీకు ఈ దారే కావాలనిపిస్తే, డ్రూయిడ్ అనో, విక్కా అనో, మరేదో అనో మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. అప్పుడు ఆ పేరు నిలుస్తుంది.