కరెంటు వైద్యమునకు ముందు లెక్క చూచుకొనుట

పాఠ్యభాగములు: లూకా 14:28–30, 2 రాజులు 20:1–7



క్యాన్సరునకు ఇచ్చు రేడియేషనును మన పల్లెలలో "కరెంటు పెట్టుట" అందురు. ఆ మాట విన్నంతనే ఇంటిల్లిపాది బెదరిపోవుదురు. ఒకరు పొమ్మందురు, ఒకరు వద్దందురు, మరియొకరు ప్రార్థన చాలునందురు. ఈ నెల పాఠము అట్టి యింటివారి కొరకు.

వైద్యమునకు పోవుట అవిశ్వాసమా? హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించెను. బాగుచేయుదునని దేవుడు మాట యిచ్చెను. అయినను యెషయా అతని పుండుపై అంజూరపు పండ్ల ముద్ద వేయించెను. ప్రార్థనయు మందును ఒక్క పడకయొద్దనే కలిసినవి. కావున మన ముందున్న ప్రశ్న వేరు: గోపురము కట్టబోవువానివలె కూర్చుండి లెక్క చూచుకొంటిమా?

మొదటి లెక్క: ఈ వైద్యము దేనికొరకు? డాక్టరుగారిని తప్పక అడుగుడి. మూడు జవాబులలో ఒకటి వచ్చును.

1. నయము చేయుటకు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు ఆపరేషనుకు లొంగనంత పెరిగినను, దూరపు అవయవములకు ప్రాకనిచో, ముఖ్యమైన వైద్యము ఇదే. వారమునకు 5 దినముల చొప్పున సుమారు 5 వారములు యంత్రముతో పైనుండియు, కొన్ని పర్యాయములు లోపలినుండియు ఇత్తురు. అంతయు 8 వారములలో ముగియవలెను.

2. కాపుదలకు. రొమ్ములో గడ్డను మాత్రమే తీసినప్పుడు, వ్యాధి తిరుగబెట్టకుండ ఇత్తురు. ఇవ్వనిచో అపాయమెంత, ఇచ్చినచో ఎంత తగ్గునని అడుగుడి.

3. ఉపశమనమునకు. వ్యాధి ఎముకలకు ప్రాకి బాధించునప్పుడు, ఒక్క పర్యాయము ఇచ్చినను చాలమందికి నొప్పి తగ్గును. బలహీనుడైన రోగికి అనేక దినముల ప్రయాణము అవసరమా అని అడుగుట తప్పు కాదు. నొప్పిమందులతో ఇంటనే యుందునని రోగి కోరినను, దానిని విశ్వాసలోపమని నిందింపకుడి.

రెండవ లెక్క: ఖరీదేమి? శరీరములో విద్యుత్తు పారదు. యంత్రము క్రింద పండుకొనినప్పుడు నొప్పి యుండదు. పైనుండి ఇచ్చిన కిరణము దేహములో నిలువదు గనుక తల్లి ఆ సాయంకాలమే బిడ్డను ఎత్తుకొనవచ్చును. అయితే అలసట కలుగును, చర్మము నల్లబడవచ్చును. నోటికి ఇచ్చినచో నోరు పూయును, ఎండిపోవును. పొత్తికడుపునకు ఇచ్చినచో విరేచనములు కావచ్చును. స్త్రీకి ఇక గర్భము నిలువకపోవచ్చును. పడుచువారు దీనిని ముందే తెలిసికొనవలెను.

పూర్వము మనవారు వేలూరు మిషను ఆసుపత్రికో, 1954లో ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు అడయారులో నెలకొల్పిన క్యాన్సరు ఆసుపత్రికో పోవలసి వచ్చెడిది. నేడు విజయవాడ, గుంటూరులలోనే ఈ యంత్రములు కలవు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమైన ప్రభుత్వ పథకము క్రింద అర్హులైన కుటుంబములకు ఈ వైద్యము దొరకును. కాని గుడివాడనుండి దినమును పోయి రాగలవాడు నాగాయలంకనుండి పోయి రాలేడు. బస యెక్కడ, తోడెవరు, పాడిగేదెను చూచునదెవరు? ఇదియు లెక్కలోనిదే.

మూడవ లెక్క: ముగింపగలమా? పునాది వేసి విడిచిన గోపురమును చూచి దారినపోవువారు నవ్విరి. నయము చేయు వైద్యమును నాట్లకనియో కోతలకనియో నడుమ ఆపినచో, నవ్వుతో పోదు, ప్రాణము మీదికి వచ్చును. బాధ ఎక్కువైనచో ఇంటికి పారిపోక డాక్టరుతో చెప్పుడి.

కడపటి మాట. లెక్క చూచుటకు ఎవరు కూర్చుండవలెను? తల్లికి వ్యాధి పేరైనను చెప్పక కుమారులే వరండాలో తీర్మానించుట మనలో వాడుక. శరీరము ఆమెది, శ్రమయు ఆమెది. ఆమెకు తెలియజెప్పి, ఆమె మాట విని, పిమ్మట ఆమె చేయి పట్టుకొని ప్రార్థించుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింట రోగికి నిజము చెప్పుచున్నామా?

2. ఒక కుటుంబము 5 వారములు ఊరు విడిచిన యెడల, వారి చేనును, బిడ్డలను, పశువులను మన సంఘములో ఎవరెవరు చూచుకొందురు? పేర్లు వ్రాసికొనుడి.