నీళ్ల ట్యాంకరు జాకీ, చేతిలో బ్యాటరీ డ్రిల్

చిరంజీవి మేనల్లుడికి,

హిందూపురంలో బ్యాటరీ డ్రిల్ కొన్నావని, దాంతో ట్యాంకరు ముందు జాకీ తిప్పే ఏర్పాటు చేసుకోవాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో మాట్లాడితే సగం మాట ట్రాక్టరు మోతలోనే పోతుంది కాబట్టి మామ కాగితం పట్టుకున్నాడు. భయపడకు, వద్దని చెప్పడానికి కాదు. ఆ పనిలో ఎంతవరకు డ్రిల్, ఎక్కడినుంచి చెయ్యి అన్న హద్దు ఒకటుంది, అది చెప్పడానికి.

మన పావగడ తాలూకాలో ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో అర్థం కానిదేమీ కాదు. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ల చుట్టూ దాదాపు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు పరుచుకుంది. మొదటి విడత 2018 మార్చి 1న మొదలైంది, మొత్తం సామర్థ్యం 2,050 మెగావాట్లు. వానలు మొహం చాటేసి, వేరుశనగ చేతికి రాక విసిగిన రైతులు మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు భూములిచ్చారు. ఆ తర్వాత ఊళ్లోవాళ్లకు మిగిలింది కాపలా, గడ్డి కోత, ప్యానెళ్ల మీది దుమ్ము కడగడం లాంటి పనులు. కడగాలంటే నీళ్లు కావాలి, నీళ్లకు ట్యాంకరు కావాలి. ఒకే ట్రాక్టరుతో ట్యాంకరు, ట్రాలీ, మడకలు అన్నీ నడిపేవాడు పొద్దున్నుంచి వాటిని ట్రాక్టరుకు తగిలించే పిన్ను తీస్తూ, వేస్తూనే ఉంటాడు. పిన్ను తీసిన ప్రతిసారీ జాకీ దించాలి, వేసిన ప్రతిసారీ ఎత్తాలి. మధ్యాహ్నం ఎండలో ఆ పిడి పట్టుకుంటే అరచెయ్యి కాలుతుంది కూడా.

పాతకాలంలో ఎద్దుల్ని విప్పాక బండి నొగ నేలకు వాలకుండా ముందు ఒక కర్ర ఆనించేవాళ్లు. ట్రాలీ జాకీ ఆ కర్రకు మనవడే.

అమెరికాలో డ్రిల్‌తో జాకీ తిప్పేవాళ్లు వేరే రకం. అక్కడ ట్రావెల్ ట్రెయిలర్ అని ఉంటుంది: వంటగది, మంచాలు, స్నానాలగదితో సహా చక్రాల మీద చిన్న ఇల్లు. పికప్ బండి వెనక తగిలించి ఊళ్లు తిరుగుతారు. దాని ముందుకొసన త్రికోణపు ఇనుప చట్రం మీద నిలువు జాకీ ఉంటుంది. కొన్నిటికి చేతిపిడి, కొన్నిటికి 12 వోల్టుల మోటారు. బ్యాటరీ దిగిపోయి మోటారు మొండికేస్తే తిప్పుకోవడానికి చాలా వాటిలో చేతిపిడి పట్టే ఏర్పాటు ఒకటి విడిగా ఉంటుంది. అక్కడే డ్రిల్‌కు సాకెట్ బిగించి గిర్రున తిప్పేస్తారు. ట్రెయిలర్ నాలుగు మూలల కింద కదలకుండా నిలబెట్టే చిన్న జాకీలుంటాయి, వాటికి డ్రిల్ వాడటం మరీ మామూలు. ఆ నట్లు ఎక్కువగా ముప్పావు అంగుళానివి, అంటే మన 19 నంబరు పానాకు దాదాపు సరిపోయేవి.

అయితే వాళ్ల బరువుకూ నీ బరువుకూ తేడా ఉంది. ట్రావెల్ ట్రెయిలర్ మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ముందుకొస మీద పడాలని అక్కడి లెక్క. మూడు టన్నుల ట్రెయిలర్ అయితే జాకీ మోసేది 300 నుంచి 450 కిలోలు. నీ ట్యాంకరులో 5,000 లీటర్ల నీళ్లంటే నీళ్ల బరువే అయిదు టన్నులు, ఇనుము లెక్క వేరే. ఇరుసు ఒక్కటే కాబట్టి అందులో పదో వంతు ముందుకు వచ్చినా అర టన్ను దాటింది. పైగా సగం నిండిన ట్యాంకరులో నీళ్లు పల్లం ఎటుంటే అటు పోతాయి, దాంతో జాకీ మీది బరువు నిలకడగా ఉండదు.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం, మామకు లెక్కలంటే ఇష్టమని నీకు తెలిసిందే. ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు లేచే మర అనుకో. అర టన్నును 30 సెంటీమీటర్లు ఎత్తాలంటే 60 చుట్లు. మరలో రాపిడికే నాలుగింట మూడు వంతుల శక్తి పోతుందనుకున్నా, తిప్పడానికి కావలసిన బలం 16 న్యూటన్ మీటర్ల లోపే. 18 వోల్టుల మంచి డ్రిల్ 50కి పైనే ఇస్తుంది. బ్యాటరీ కూడా ఇబ్బంది కాదు, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉన్న శక్తితో ఇలాంటి ఎత్తుడు ఎన్నోసార్లు చేయొచ్చు. అంటే బలం చాలదన్న భయం అక్కర్లేదు. చిక్కు బలం ఎక్కువవడంలోనే ఉంది.

మర కొసకు చేరి ఆగిపోయిందనుకో, మోటారు ఆగదు. తిరగాల్సిన సాకెట్ తిరగకపోతే డ్రిల్ ఒళ్లే ఎదురువైపు తిరుగుతుంది. 60 న్యూటన్ మీటర్ల డ్రిల్‌ను ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, ఆ క్షణంలో మణికట్టు మీద పడే విసురు 30 కిలోల బరువంత. మణికట్లు బెణికేది, వేళ్లు ఇనుముకూ డ్రిల్‌కూ మధ్య నలిగేది అక్కడే. బ్యాటరీ డ్రిల్ మొండికేయడం ఇవాళ్టిది కాదులే. బ్లాక్ అండ్ డెకర్ వాళ్లు తీగలేని డ్రిల్‌ను 1961లో తెచ్చారు. పదేళ్లకు, 1971లో, అపోలో 15 వ్యోమగాములు బ్యాటరీ డ్రిల్‌తో చంద్రుడి నేలలోకి గొట్టం దించారు. దించినదాన్ని పైకి తీయడానికి మాత్రం డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ ఇద్దరూ భుజాలు పెట్టి ఎత్తాల్సి వచ్చింది.

మణికట్టు భద్రంగా ఉండాలంటే డ్రిల్ మెడ మీద అంకెలున్న రింగును గౌరవించు. చాలామంది దాన్ని స్క్రూలకే అనుకుని, డ్రిల్ బిట్టు బొమ్మ దగ్గర పెట్టేసి మరిచిపోతారు. జాకీకి ఆ అంకెలే రక్ష. చిన్న అంకెతో మొదలుపెట్టి, జాకీ కదిలేంతవరకు ఒక్కొక్కటే పెంచుకుంటూ పో. అక్కడ ఆపేయ్. మర కొసకు తగిలినప్పుడు డ్రిల్ కటకటమని జారిపోతుంది, నీ మణికట్టు నీకు మిగులుతుంది. పైన గేరు మీట 1 మీదే ఉండాలి. పక్కపిడి ఇస్తే బిగించుకో, ఇవ్వకపోతే అలాంటిది ఇచ్చే డ్రిల్ తీసుకోవాల్సింది.

హద్దు సంగతి ఇప్పుడు చెబుతాడు మామ. జాకీ పాదం నేలను తాకేదాకా, పిన్ను పడ్డాక పాదం పైకి లేచేటప్పుడు, మర మీద బరువు ఉండదు. ఎక్కువ చుట్లు ఆ ఖాళీ తిరుగుడే, విసుగు పుట్టించేదీ అదే. అది పూర్తిగా డ్రిల్‌కు అప్పజెప్పు. పాదం నేలకు ఆనాక, ట్రాక్టరు మీది బరువు జాకీ మీదికి మారే ఆ చివరి చుట్లు చేత్తో తిప్పు. మర ఎప్పుడు బిగుస్తోందో, పాదం ఎప్పుడు మెత్తటి మట్టిలో దిగుతోందో చేతికి తెలుస్తుంది, డ్రిల్‌కు తెలియదు. బరువుతో ఉన్న జాకీని పొద్దంతా డ్రిల్‌తోనే ఎత్తితే మోటారు వేడెక్కుతుంది, జాకీ తలలోని పళ్లచక్రాలు అరుగుతాయి. పక్కింటివాడి ఇంపాక్ట్ మిషన్ అడిగి తెచ్చుకోవాలని చూడకు. అది మణికట్టును విసరదు, నిజమే. కానీ సుత్తితో కొట్టినట్టు ఆ చిన్న పళ్లను కొడుతూనే ఉంటుంది.

పిడి సంగతి. మన వైపు ట్రాలీ జాకీలకు పిడిని వెల్డింగ్ చేసేసి ఉంటారు. అది ఉండగా డ్రిల్ తిప్పితే ఆ కడ్డీ గిరగిరా తిరిగి మోకాలి చిప్ప వెతుక్కుంటుంది. కోయించేసి, జాకీ ఇరుసు కొసకు 19 నంబరు నట్టు వెల్డింగ్ చేయించు. పాత 19 సాకెట్‌కు కడ్డీ అతికించి, కావాలన్నప్పుడు తగిలించి తీసేసే పిడి చేయించు. డ్రిల్ చార్జి అయిపోయిన రోజు ట్యాంకరు పొలంలోనే ఉండిపోకూడదు కదా. మరకు గ్రీజు పెట్టు. గ్రీజు పెడితే బరువుకు జాకీ దానంతటదే దిగిపోతుందని కొందరంటారు. ఇలాంటి జాకీల మర వాలు తక్కువ, మామూలు గ్రీజుకు జారిపోదు.

వీటన్నిటికంటే ముందు చక్రాల సంగతి. పావగడలో రాళ్లకు కరువు లేదు. పిన్ను తీసేముందు రెండు చక్రాలకూ, ముందూ వెనకా రాళ్లు పెట్టు. వేరుశనగ మూటల ట్రాలీ అయితే బరువు ఇరుసుకు వెనకపక్క పడిందేమో చూడు. వెనక బరువెక్కువైన రెండు చక్రాల ట్రాలీకి పిన్ను తీస్తే ముందుకొస దిగదు, ఆకాశానికి లేస్తుంది. ఎదురుగా వంగి డ్రిల్ పట్టుకున్నవాడి గడ్డానికే తగులుతుంది. అలాంటప్పుడు పిన్ను ముట్టకుండా ముందు మూటలు సర్దించు. జాకీ కింద చెయ్యిగానీ కాలుగానీ పెట్టవద్దని నీ దగ్గర పనిచేసే పిల్లాడికి కూడా చెప్పు. నువ్వు చేసేది చూసే వాడు నేర్చుకుంటాడు.

శనివారం పావగడ శనిమహాత్మ గుడికి మీ అమ్మను తీసుకొస్తానన్నావట. వచ్చేటప్పుడు జాకీ మీద బరువు రాసిన రేకు ఉంటే ఫోనులో ఫోటో తీసుకురా, జాకీ ఇరుసు మందం కొలిచి రాసుకురా. అవి చూశాక 19 నంబరు నట్టే సరిపోతుందో లేదో వెల్డింగ్ షెడ్డులోనే తేల్చుకుందాం.

ఇట్లు,
మీ మామ