సోదా కాగితం ఎలా తయారవుతుంది?

ఇంటి సోదా పోలీస్ స్టేషన్‌లోనే మొదలవుతుంది, కేస్ డైరీలో రాసే నాలుగు వాక్యాలతో. మేజిస్ట్రేట్ ఇచ్చిన వారంటు ఉంటే సరే. వారంటు తెచ్చేలోగా వస్తువు చేజారుతుందనుకుంటే, దర్యాప్తు అధికారి వారంటు లేకుండానే వెళ్లవచ్చు. కానీ ఏ వస్తువు కోసం, ఏ ఇంటికి, ఎందుకంత తొందర అన్నది ముందే రాసిపెట్టాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 185వ సెక్షన్.

ఆ రాత ఎంత ముఖ్యమో చెప్పే తీర్పు హైదరాబాద్ నుంచే వెళ్లింది. కలెక్టర్ అనుమతి ఇస్తే చాలు, ఎవరైనా వెళ్లి పత్రాలు తనిఖీ చేసి పట్టుకెళ్లేలా ఆంధ్రప్రదేశ్ 1986లో స్టాంపు చట్టాన్ని సవరించింది. కారణం రాయాలన్న షరతు అందులో లేదు. బ్యాంకులు కోర్టుకెక్కాయి. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది, 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది.

తర్వాతి మెట్టు మధ్యవర్తులు. గడప దాటకముందే ఆ పేటలోని నిష్పాక్షికులైన పెద్దమనుషులను కనీసం ఇద్దరిని పిలవాలి. పంచనామా బలమంతా వీళ్ల మీదే ఉంటుంది. స్టేషన్‌కు అలవాటైన మనిషే కేసు తర్వాత కేసులో సంతకం పెడితే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్నకే కాగితం తేలిపోతుంది. ఇరుగుపొరుగు వెనకాడేది కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయంతో. కోర్టు ప్రత్యేకంగా సమన్లు పంపితే తప్ప వాళ్లు రానక్కర్లేదని చట్టమే చెబుతోంది. రాతపూర్వకంగా పిలిచినా సరైన కారణం లేకుండా రాకపోవడం మాత్రం నేరం.

ఇక తలుపు. వారంటు ఉంటే చూపించమని అడగండి, చూశాక లోపలికి రానివ్వండి. అడ్డుపడితే తలుపు పగలగొట్టే అధికారం వాళ్లకుంది. ఆడవాళ్ల ఒంటి మీద సోదా ఆడవాళ్లే, మర్యాదకు భంగం లేకుండా చేయాలి. వెతుకుతున్నంతసేపూ ఇంటివారో, వారి తరఫు మనిషో పక్కనే ఉండవచ్చు. బయటికి పొమ్మనడానికి వీల్లేదు.

ఇప్పుడు వెతకడం, రాయడం, వీడియో మూడూ కలిసి సాగాలి. సెల్‌ఫోన్‌తో తీసినా సరే, జాబితా రాయడం, సాక్షులు సంతకాలు పెట్టడం కూడా ఆ వీడియోలో ఉండాలి. దొరికిన వస్తువే కాదు, దొరికిన చోటూ రాయాలి. ‘బీరువాలో’ అంటే చాలదు. పడకగది బీరువా, కింది అర, చీరల మడత అని ఉంటేనే రేపు కోర్టులో నిలబడుతుంది. నగదయితే ఏ నోట్లు ఎన్నో, ఫోనయితే కంపెనీ, రంగు, ఐఎంఈఐ నంబరు. కవర్లో పెట్టి సీలు వేసి, సాక్షుల సంతకాల చీటీ అంటించాలి. స్టేషన్‌కు వెళ్లాక తీరిగ్గా రాసే పంచనామాకు విలువ లేదు. ఖాళీ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకూడదు.

సాక్షులు సంతకం చేసిన జాబితా కాపీ అక్కడికక్కడే ఇంటివారి చేతికి ఇవ్వాలి. సోదాకు రాసుకున్న కారణాల నకలు 48 గంటల్లోగా దగ్గరలోని మేజిస్ట్రేట్‌కు చేరాలి. ఇంటివారు దరఖాస్తు పెడితే కోర్టు దాన్ని ఉచితంగా ఇస్తుంది. చాలామంది ఈ దరఖాస్తు సంగతే ఎరగరు.

ఇంత పట్టింపు ఎందుకంటే, సోదా అక్రమమైనంత మాత్రాన అందులో దొరికిన సాక్ష్యం చెల్లకుండా పోదు. పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే ఆ మాట తేల్చింది. గంజాయి వంటి మాదకద్రవ్యాల కేసుల్లో ఒంటి మీద సోదాకు మాత్రం నియమం కఠినం: గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కుందని ఆ మనిషికి ముందే చెప్పాలి.

అందుకే తప్పు కనిపిస్తే తర్వాత చూద్దామనుకోవద్దు. అక్కడే, ఆ మధ్యవర్తుల ముందే, వీడియోలో రికార్డయ్యేలా చెప్పండి. కాపీ చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. పక్కింటి సోదాకు సాక్షిగా పిలిస్తే వెళ్లండి, ప్రతి పంక్తీ చదివాకే సంతకం పెట్టండి.