విడిచిన నడకను మరల మొదలుపెట్టుట

పఠనీయ భాగములు: 1 రాజులు 19:1–8, 1 తిమోతి 4:6–10



సంవత్సరాంతపు రాత్రి ఆరాధనలో మనలో అనేకులు ఏదో ఒక తీర్మానము చేసికొందురు. రక్తములో చక్కెర హెచ్చినదనియు, దినదినము నడువవలెననియు వైద్యుడు చెప్పియుండిన యెడల, నడకను గూర్చి కూడ ఒక తీర్మానము చేసికొందురు. జనవరి మొదటి వారమంతయు తెల్లవారుజామున కాలువగట్టు వెంట నడుతురు. రెండవ వారములో సంక్రాంతి సెలవులకు బిడ్డలును బంధువులును వత్తురు. మూడవ వారములో ఒక పెండ్లి, ఒక భూస్థాపన. ఆ మీదట మిరపకోతలు. ఫిబ్రవరి వచ్చునప్పటికి నడక మాట ఎత్తువారుండరు. ఎవరైన అడిగిన యెడల, "అయ్యగారూ, నాకు తీరిక యెక్కడిది?" అని సిగ్గుతో నవ్వుదురు.

ఈ పాఠము ఎన్నడును నడువనివారి కొరకు కాదు. నడిచి మానివేసినవారి కొరకు. మానినందుకు తమ్మును తాము సోమరులని యెంచుకొని, మరల మొదలుపెట్టుటకు మొగము చెల్లనివారి కొరకు.

1. భక్తునికి వ్యాయామమెందుకు?

అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయము 8వ వచనమును చూపి, శరీర సాధకము మనకు పనికిరాదని కొందరందురు. ఆ వచనమును నిదానముగా చదువుడి. అపొస్తలుడు అక్కడ రెంటిని త్రాసులో పెట్టి తూచుచున్నాడు. దైవభక్తి ఇహమునకును పరమునకును ప్రయోజనకరము గనుక అది బరువైనది. శరీర సాధకము యొక్క ప్రయోజనము కొంచెమని చెప్పెను గాని, ప్రయోజనమే లేదని చెప్పలేదు. కొంచెము లాభమున్న పొలమును ఏ రైతైనను బీడు పెట్టునా? ఆ పౌలే త్రోయ నుండి అస్సు వరకు తన సంగడీలను ఓడలో పంపి, తాను కాలినడకను పోయినట్లు అపొస్తలుల కార్యములు 20:13లో చదువుచున్నాము. అది సుమారు 30 కిలోమీటర్ల దారి.

ఏలీయా సంగతి కూడ చూడుడి. అతడు బదరీవృక్షము క్రింద కూర్చుండి, ప్రాణము పోయిన బాగుండునని కోరుకొనెను. దేవుడు అతనికి మొదట ప్రసంగము పంపలేదు. నిద్రయు, రొట్టెయు, నీళ్ళును పంపెను. ఆ పిమ్మటనే అతడు లేచి దూరపు కొండకు నడిచెను. అలసిన శరీరమును దేవుడు తృణీకరింపలేదు. మనమేల తృణీకరింపవలెను?

2. మన దినములు మారినవి

మన తాతలు వ్యాయామమను మాట ఎరుగరు. వారికి అక్కరలేకపోయెను. నాగలి వెనుక నడచిరి, బావి నీళ్ళు తోడిరి, రోట దంచిరి, ఆరాధనకు రెండు మూడు కోసులు నడిచి వచ్చిరి. ఇప్పుడు ట్రాక్టరు దున్నుచున్నది, యంత్రము కోయుచున్నది, మోటారు నీళ్ళు తోడుచున్నది. పక్క వీధికి పోవుటకును మోటారు సైకిలు తీయుచున్నాము. ఈ సౌకర్యములు దేవుని యీవులే. అయితే శరీరము చేయవలసిన పని వాటితో తగ్గిపోయినది.

కూర్చుండుట వలన కలుగు కీడును ఒక వైద్యుడు బస్సులలో కనుగొనెను. 1953లో జెర్రీ మోరిస్ అను వైద్యుడును అతని తోటివారును లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని గూర్చిన పరిశోధన ప్రకటించిరి. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్ల కొరకు దినమంతయు మెట్లెక్కి దిగును. ఇద్దరిదియు ఒకే బస్సు. అయినను గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగాను, కండక్టర్లలో తక్కువగాను కనబడెను.

2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి వారి లెక్క ప్రకారము మన దేశములో చక్కెర వ్యాధి గలవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. నగరములలో ఎక్కువైనను పల్లెలును తప్పించుకొనలేదు. ఒక యింటి పెద్దకు పక్షవాతము వచ్చిన యెడల ఏమగునో మీరెరుగుదురు. ఆసుపత్రికి అర ఎకరము పోవును. పెద్దమ్మాయి చదువు నిలిచిపోవును. ఆయన మంచము ప్రక్కన ఆయన భార్య కూలి మానుకొని కూర్చుండును. ఐదు గ్రామములను చూచుకొను కాపరి పడిపోయిన యెడల ఐదు సంఘములు కాపరి లేనివగును. గనుక ఇది అందము కొరకైన మాట కాదు.

మేలైన వార్తయు ఉన్నది. చక్కెర వ్యాధి అంచున నున్నవారిని గూర్చి చెన్నై వైద్యులు మూడు సంవత్సరముల పాటు పరిశీలించి, 2006లో ఫలితము ప్రకటించిరి. దినదినము నడుచుచు, తిండిని అదుపులో ఉంచుకొనవలెనని పదేపదే సలహా పొందినవారిలో, ఆ వ్యాధిలో పడిన వారి సంఖ్య నాలుగవ వంతుకు పైగా తగ్గెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పినది వారమునకు 150 నుండి 300 నిమిషములు, కొంచెము వేగముగా నడుచుట వంటి శ్రమ. వారమునకు ఐదు దినములు, దినమునకు అరగంట చాలును. కొంచెమైనను ఏమియు లేకుండుట కంటె మేలనియు వారు చెప్పిరి.

3. గుర్రము మీది బోధకుడు

"నడువగలవారు స్థిరముగా ఒక చోట నుండువారు, నాకు నేడొక ఊరు, రేపొక ఊరు" అని చెప్పువారికి జాన్ వెస్లీ జీవితము మంచి జవాబు. ఆయన 1703లో ఇంగ్లండులో పుట్టెను. నిలకడ లేని జీవితమునకు ఆయన జీవితము కంటె గొప్ప దృష్టాంతము దొరకుట కష్టము. ఊరూర బోధించుచు తిరుగుటయే ఆయన పని. 1753లో, 50 సంవత్సరముల వయస్సున, రొమ్ము జబ్బుతో చనిపోవుదునని తలంచి, తన సమాధి మీద చెక్కవలసిన మాటలను తానే వ్రాసి పెట్టుకొనెను. ఆ మీదట ఇంకను 37 సంవత్సరములు బ్రదికి, 1791లో 87 ఏండ్ల వాడై మృతినొందెను.

1774లో తన 71 ఏండ్లు నిండినప్పుడు, ఇంత బలము ఎట్లు నిలిచెనని ఆయన తన దినచర్య గ్రంథములో ఆలోచించెను. దేవుని చిత్తమే ముఖ్య కారణమని చెప్పి, దేవుడు వాడిన సాధనములను లెక్కించెను. దాదాపు 50 సంవత్సరములుగా తెల్లవారుజామున 4 గంటలకు లేచుట, 5 గంటలకు బోధించుట, ఏటికి 4,500 మైళ్ళకు తక్కువ కాకుండ ప్రయాణము చేయుట. అది మన లెక్కలో 7,000 కిలోమీటర్లకు పైమాట. ఏ తిరుగుడును మనము అడ్డంకి యందుమో, దానినే ఆయన సాధకముగా చేసికొనెను.

1747లో ఆయన బీదల కొరకు ఒక వైద్య గ్రంథము ప్రకటించెను. అందలి మందులలో అనేకము నేడు వాడదగినవి కావు. అయితే వ్యాయామమును గూర్చిన సలహాలు ఇప్పటికిని చక్కనివి. ఓర్వగలవారికి నడకయే శ్రేష్ఠమనెను. నిండు కడుపుతో శ్రమపడవద్దనెను. ఎక్కువగా చదువుచు వ్రాయుచు ఉండువారు నిలువబడి ఆ పని చేయుట నేర్చుకొనవలెననెను.

బయటికి పోలేని దినములలో ఆయన ఏమి చేసెను? లండనులో ఆయన నివసించిన యింట నేటికిని ఒక వింత కుర్చీ ఉన్నది. దాని పీట క్రింద స్ప్రింగులున్నవి. దాని మీద కూర్చుండి, గుర్రము మీద ఎగిరినట్లు పైకి క్రిందికి ఊగుదురు. గుర్రము ఎక్కు వీలు లేని దినమునకు ఇది ఆయన గది గుర్రము. పెద్ద సాధకమునకు వీలులేని దినమున చిన్న సాధకమును సిద్ధముగా నుంచుకొనెను. ఈ పాఠములో మనము నేర్చుకొనవలసిన ముఖ్య సంగతి ఇదే.

4. విడువకుండుటకు ఐదు ఉపాయములు

మొదటిది: ఉత్సాహము కొరకు కనిపెట్టవద్దు. ఉత్సాహము వాన వంటిది, వచ్చును, పోవును. వాడుక బావి వంటిది. ఎన్నడును మానని ఒక పనికి నడకను ముడివేయుడి. ఉదయ ప్రార్థన ముగియగానే, లేక సాయంకాలపు టీ గ్లాసు క్రింద పెట్టగానే చెప్పులు తొడుగుడి. లండనులో 96 మందిని 12 వారములు గమనించి 2010లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్లు ముడివేసిన క్రొత్త పని తలంచకయే జరుగు వాడుకగా మారుటకు సగటున 66 దినములు పట్టెను. కొందరికి 18 దినములు చాలెను. కొందరికి 254 దినముల వరకు పట్టునని లెక్క తేలెను. గనుక మూడు వారములైనను కష్టముగానే ఉన్నదని దిగులుపడవద్దు.

రెండవది: రెండు కొలతలు పెట్టుకొనుడి. పెద్ద కొలత అరగంట నడక. చిన్న కొలత పది నిమిషములు. వాన దినమున, కోతల దినమున, చుట్టములున్న దినమున చిన్న కొలత చాలును. వసారాలో అటు ఇటు నడువుడి. కుర్చీలో నుండి చేతులు ఆనించకుండ పది మారులు లేచి కూర్చుండుడి. గోడకు చేతులానించి తోయుడి. ఇది మీ గది గుర్రము.

మూడవది: నడకను ఒక్క స్థలమునకు కట్టవద్దు. కాలువగట్టు మీదనే నడుతుననువాడు బదిలీయైన దినమున మానివేయును. కోతలకు వలస పోవువారును, బదిలీ కాగల ఉపాధ్యాయులును, తమతో కూడ వచ్చు పనికే ముడివేయవలెను. ప్రార్థన ఏ ఊరికైనను వచ్చును. గృహదర్శనములకు పోవు కాపరి మోటారు సైకిలును ఊరి మొదట నిలిపి, ఇల్లిల్లు నడిచి చూచిన యెడల, వేరుగా తీరిక వెదుకనక్కరలేదు.

నాలుగవది: తోడును చూచుకొనుడి. ఒంటివాడు పడిన యెడల లేవనెత్తువాడు లేడని ప్రసంగి 4వ అధ్యాయము తెలుపుచున్నది. మీ కొరకు వీధి మొదట ఒకరు కాచుకొనియున్నారని తెలిసిన యెడల దుప్పటి తీయుట సులభమగును. కుక్కలును పాములును ఉన్న దారిలో, చీకటి వేళ స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలిసి టార్చిలైటుతో పోవుట క్షేమము. స్త్రీల సమాజమువారు కూడిక ముగిసిన పిమ్మట కలిసి ఊరి చుట్టు ఒక మారు నడిచి ఇండ్లకు పోవచ్చును.

ఐదవది: గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుడి. పెద్ద కొలతకు నిలువు గీత, చిన్న కొలతకు చుక్క. నెలాఖరున చుక్కలే ఎక్కువైనను సిగ్గుపడకుడి. ఖాళీ గళ్ళు తక్కువైనవా అని మాత్రము చూచుకొనుడి.

5. తప్పిన దినమును గూర్చి

చాలమంది నడక మానుటకు కారణము తప్పిన దినము కాదు. తప్పిన దినము తరువాత వచ్చు నిరాశ. "పోయినదిలే, ఇక వచ్చే సంవత్సరము చూతము" అను మాటయే మనలను పడగొట్టును. పైన చెప్పిన 2010 పరిశోధనలో, ఒక దినము తప్పుట వలన వాడుక ఏర్పడుటకు చెప్పుకొనదగిన నష్టము కలుగలేదు. సామెతలు 24:16 నీతిమంతుడు పడడని చెప్పలేదు. ఏడు మారులు పడియు లేచునని చెప్పుచున్నది.

నిన్నటి నడకను నేడు రెట్టింపు చేసి తీర్చ ప్రయత్నింపకుడి. దాని వలన మోకాళ్ళు నొచ్చి, మరి వారము రోజులు కూర్చుండవలసి వచ్చును. అరణ్యములో మన్నా ఏ దినమునకు ఆ దినమే కూర్చుకొనబడెను. నడకయు అట్టిదే. వారము తప్పిన యెడల చిన్న కొలతతో మొదలుపెట్టుడి. నెలలు తప్పిన యెడల మరింత నెమ్మదిగా పెంచుడి.

6. ఎవరు జాగ్రత్తపడవలెను?

దినమంతయు వంగి నాట్లు వేసిన తల్లిని సాయంకాలము కూడ నడువుమని చెప్పుట దయ కాదు. ఆమెకు విశ్రాంతియు, నడుమును సాగదీయుటయు, కడుపునిండ భోజనమును కావలెను. ఆ దినములలో ఆమె కొలత పొలములోనే తీరినది. అయితే నాట్లు ముగిసి పనిలేక కూర్చుండు నెలలలో చిన్న కొలతయైనను పట్టుకొనవలెను.

నడుచునప్పుడు రొమ్ములో నొప్పిగాని, ఎన్నడును లేని ఆయాసముగాని, కన్నులు తిరుగుటగాని కలిగిన యెడల వెంటనే నిలిచి వైద్యుని చూడవలెను. చక్కెర వ్యాధి గలవారు ఒట్టి కాళ్ళతో నడువరాదు. రాత్రి పాదములను పుండ్లున్నవేమో చూచుకొనవలెను. మాత్రలుగాని ఇన్సులిను గాని వాడువారికి నడకలో చెమటయు వణకును వచ్చిన యెడల, చక్కెర పడిపోయినదేమో. జేబులో కొంచెము బెల్లముగాని పంచదారగాని ఉంచుకొనవలెను. నడుచుచున్నామని మందులు మానరాదు.

ప్రియులారా, ఈ వ్యాసము చదివి వచ్చే సోమవారము మొదలుపెట్టుదమని అనుకొనకుడి. పత్రిక మూయగానే లేచి, మీ వాకిట నుండి దేవాలయము వరకు ఒక మారు పోయి రండి. అది చాలును. రేపటి సంగతి రేపు చూచుకొనవచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఏలీయా విషయములో దేవుడు మొదట ఏమి చేసెను? దాని వలన మన శరీరములను గూర్చి ఏమి నేర్చుకొనుచున్నాము?

2. మీ దినములో ఎన్నడును మానని పని ఏది? దానికి నడకను ఎట్లు ముడివేయగలరు?

3. మీ "గది గుర్రము" ఏది? వాన దినమున చేయగల చిన్న కొలతను చెప్పుడి.

4. మీ సంఘములో చక్కెర వ్యాధితోనో రక్తపుపోటుతోనో ఉండి, ఒంటరిగా నడువ సాహసింపనివారు ఎవరు? ఈ వారము వారికి తోడుగా ఎవరు పోవుదురు?