ఒక తండ్రి పశ్చాత్తాపము

తల్లిదండ్రులు తమ బిడ్డలను కంటికి రెప్పవలె కాపాడుకొందురు. బిడ్డ కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నను వారి మనస్సు విలవిలలాడును. అట్టివారు, ఆరోగ్యముతో ఆడుకొనుచున్న బిడ్డకు టీకా వేయింపుమని ఎవరైన చెప్పినప్పుడు వెనుకాడుట వింత కాదు. రోగము వచ్చినవానికి మందిచ్చుట అందరికిని సమ్మతమే. రోగము లేని బిడ్డకు నొప్పి కలిగించి, జ్వరము తెప్పించుట ఎట్లు? దానివలన కీడు మూడినచో ఆ పాపమెవరిది? ఈ ప్రశ్నలు నిన్న మొన్న పుట్టినవి కావు. అంటురోగము ప్రబలినప్పుడెల్ల ఇవి తల్లిదండ్రులను వేధించుచునే యున్నవి. తన దుఃఖమునుండియే వీనికి సమాధానము చెప్పిన ఒక తండ్రి కలడు. ఆయనయే అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఆయన కాలమున మశూచికము మానవులకు పరమశత్రువు. అది సోకినవారిలో పలువురు మరణించుచుండిరి. బ్రదికినవారి ముఖములు గుంటలు పడెడివి. కొందరికి కన్నులు పోయెడివి. తెలుగునాట ఈ రోగమును ‘అమ్మవారు’ అని పిలిచి, గుమ్మములకు వేపమండలు కట్టి, పోలేరమ్మకు మ్రొక్కుకొనెడివారు. ఒకసారి ఈ రోగము వచ్చి తగ్గినవానికి మరల రాదని జనులు గ్రహించిరి. ఆ యెరుకనుండియే ఒక ఉపాయము పుట్టెను. రోగి పొక్కులోని చీమును కొంచెము తీసి, ఆరోగ్యవంతుని చర్మమును గీరి అందు చేర్చెడివారు. వానికి మశూచి సాధారణముగా తేలికగా వచ్చి పోయెడిది. మశూచిని ఇట్లు అంటించు పద్ధతి ఆసియా, ఆఫ్రికా ఖండములలో పూర్వమునుండియు కలదు.

1721వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమున మశూచి విజృంభించెను. ఆ నగరమున కాటన్ మాథర్ అను మతాచార్యుడుండెను. ఆయన ఇంట బానిసగా నున్న ఒనీసిమస్ అను ఆఫ్రికా దేశీయుడు, తన దేశమున మశూచి అంటించుకొను ఆచారము కలదని ఆయనకు పూర్వమే చెప్పియుండెను. మాథర్ ఆ సంగతిని వైద్యులకు తెలిపెను. తక్కినవారు పెడచెవిని పెట్టిరి గాని, జాబ్డియెల్ బాయిల్‌స్టన్ అను వైద్యుడు మాత్రము ముందునకు వచ్చెను. ఆయన మొదట ఆ చికిత్స చేసినది తన ఆరేండ్ల కుమారునికే. తన యింటి బానిసకును, ఆ బానిస బిడ్డకును గూడ నాడే చేసెను.

ఈ వార్త విని నగరము భగ్గుమనెను. మంచి బిడ్డలకు కోరి రోగము తెచ్చుచున్నాడని జనులు బాయిల్‌స్టన్‌ను దూషించిరి. మాథర్ ఇంటిపై ఎవరో బాంబు విసరిరి; అదృష్టవశమున అది ప్రేలలేదు. ఆ జనులందరును మూర్ఖులని తలపరాదు. మశూచి అంటించుకొన్నవారిలో కొందరు నిజముగనే మరణించిరి. అంతియకాక వారినుండి రోగము ఇరుగుపొరుగులకు సోకు ప్రమాదము కూడ ఉండెను. కావున వారి భయము నిరాధారము కాదు. అయినను భయము వేరు, లెక్క వేరు. ఆ యేడు బోస్టనులో సహజముగా రోగము సోకినవారు దాదాపు ఆరువేలమంది. మరణించినవారు 844 మంది. అనగా ఏడుగురిలో ఒకరు. రోగము అంటించుకొన్నవారు సుమారు 240 మంది. వారిలో మరణించినవారు ఆరుగురు. అనగా నలువదిమందికి ఒకరు.

అప్పుడు ఫ్రాంక్లిన్ పదునైదేండ్ల బాలుడు. బోస్టనులో తన అన్న ముద్రణాలయమున పని నేర్చుకొనుచుండెను. ఆ అన్న నడిపిన పత్రిక ఈ క్రొత్త పద్ధతిని తీవ్రముగా ఎదిరించెను. పిమ్మట ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియా నగరము చేరి, సొంతముగా ముద్రణాలయము స్థాపించి, పత్రిక నడిపెను. విషయమును విచారించి, మశూచి అంటించుట మేలని నమ్మెను.

ఆయనకు ఫ్రాన్సిస్ అను చిన్న కుమారుడుండెను. 1736వ సంవత్సరమున ఫిలడెల్ఫియాలో మశూచి వ్యాపించెను. కుమారునికి చికిత్స చేయింపవలెనని ఫ్రాంక్లిన్ సంకల్పించెను. కాని బాలుడు అప్పుడు విరేచనములతో నీరసించియుండెను. కొంచెము కోలుకొనిన పిదప చేయింతమని తండ్రి ఆగెను. రోగము మాత్రము ఆగలేదు. ఆ సంవత్సరము నవంబరు 21వ తేదీన నాలుగేండ్ల ఫ్రాన్సిస్ మశూచితో కన్నుమూసెను.

పుత్రశోకముపై మరియొక బాధ వచ్చిపడెను. ఆ బాలుడు మశూచి అంటించుటవలననే చనిపోయెనని ఊరిలో వదంతి పుట్టెను. దానిని నమ్మి ఇతర తల్లిదండ్రులు భయపడసాగిరి. ఫ్రాంక్లిన్ తన దుఃఖమును దిగమ్రింగుకొని, తన పత్రికలో నిజము ప్రకటించెను. తన కుమారునికి ఆ చికిత్స జరుగనేలేదనియు, రోగము సహజముగా సోకుటచేతనే వాడు మరణించెననియు తెలిపెను. తన ఆలస్యమును లోకమునకు చాటుకొనుట ఏ తండ్రికిని సులభము కాదు. అయినను పరుల బిడ్డల క్షేమమునకై ఆయన దానికి వెనుదీయలేదు.

ఆ పశ్చాత్తాపము ఆయనను జీవితాంతము విడువలేదు. వార్ధక్యమున వ్రాసిన స్వీయచరిత్రలోను ఆయన ఈ విషయమును స్మరించెను. చికిత్సవలన బిడ్డ చనిపోయినచో తమ్ము తాము క్షమించుకొనజాలమని కొందరు తల్లిదండ్రులు దానిని మానుకొందురు. చేయించినను, మానినను దుఃఖమునకు అవకాశము ఉండనే యున్నదనియు, కావున ఏది తక్కువ అపాయకరమో దానినే ఎన్నుకొనవలెననియు ఆయన అట్టివారికి బోధించెను. చేయి చాచి చేసిన పనికే మనము బాధ్యులమని సాధారణముగా తలంతుము. చేయక విడిచిన పనికిని బాధ్యత కలదని ఈ తండ్రి అనుభవము తెలుపుచున్నది.

కాలక్రమమున ఇంతకంటె సురక్షితమైన మార్గము దొరికెను. 1796వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమున ఎడ్వర్డ్ జెన్నర్ అను వైద్యుడు, ఆవులకు వచ్చు మశూచి పొక్కులలోని రసముతో టీకా వేసి మనుష్యులను కాపాడవచ్చునని చూపెను. 1802లో అది బొంబాయి చేరెను. అక్కడ మూడేండ్ల బాలికకు మొదటి టీకా వేసిరి. దీనికిని వ్యతిరేకత తప్పలేదు. టీకా వేసికొన్నవారి దేహములనుండి ఆవులు మొలచుచున్నట్లు ఇంగ్లాండులో పరిహాస చిత్రములు గీసిరి. మన దేశమునను టీకాలవారు వచ్చిరనగానే బిడ్డలను దాచిన తల్లులు కలరు. అయినను కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి, ఓర్పుతో నచ్చజెప్పి, టీకాలు వేసిరి. 1975 తరువాత భారతదేశమున మశూచి కానరాలేదు. 1980లో ప్రపంచమంతటను అది నశించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను.

2020లో కరోనా మహమ్మారి ప్రపంచమును చుట్టుముట్టినప్పుడు పాత ప్రశ్నలే మరల వినవచ్చెను. మన దేశమున 2022 జనవరిలో పదునైదేండ్లు నిండినవారికిని, మార్చిలో పండ్రెండేండ్లు నిండినవారికిని టీకాలు ప్రారంభమయ్యెను. ఆ వయసుల వారికి వేసిన కోవాగ్జిన్, కోర్బెవాక్స్ అను టీకాలు హైదరాబాదు సంస్థలు తయారుచేసినవే. ఇంత త్వరగా తయారైన టీకాను నమ్మవచ్చునా యని కొందరు తల్లిదండ్రులు సందేహించిరి. పిల్లలకు ఈ రోగము తేలికగనే వచ్చుచున్నది గదా యని మరికొందరనిరి. పెద్దలకంటె పిల్లలకు దానివలన అపాయము తక్కువ యనుట నిజమే. మశూచికిని కరోనాకును ఒకే లెక్క చెల్లదు. ప్రతి రోగమునకును, ప్రతి టీకాకును త్రాసు వేరుగా పట్టవలెను. కాని త్రాసునకు రెండు తట్టలుండునన్న సంగతి మాత్రము ఎన్నడును మరువరాదు.

సందేహించు తల్లిదండ్రులను ఎగతాళి చేయుట తగదు. వారి సందేహమునకు మూలము ప్రేమయే. అయితే ప్రేమకు ఎరుక తోడు కావలెను. వదంతులను విడిచి, తెలిసిన వైద్యుని అడిగి, రెండు తట్టలను తూచి చూచి, సకాలమున నిర్ణయించువారే బిడ్డలకు నిజమైన రక్షకులు.

ప్రశ్నలు

1. బోస్టను ప్రజలు బాయిల్‌స్టన్‌ను ఏల దూషించిరి? వారి భయము నిరాధారము కాదని ఎట్లు చెప్పగలము?
2. కుమారుని మరణము తరువాత ఫ్రాంక్లిన్ తన పత్రికలో ఏమి ప్రకటించెను? ఎందులకు?
3. ‘ప్రేమకు ఎరుక తోడు కావలెను’ – ఈ వాక్యమును పాఠము ననుసరించి వివరింపుడు.